ప్రతిధ్వని పెట్టె: దేనిని ఎంచుకోవాలి?

మైకు ముందు నిలబడగానే పాడేవాళ్లు మొదట అడిగే మాట ఏమిటో గమనించారా? "కొంచెం ఎకో పెట్టండి!" మైకుసెట్టు ఆయన ఒక చిన్న గుండీని తిప్పుతాడు. అంతవరకు పొడిగా వినిపించిన గొంతు వెంటనే గుడి మంటపంలో పాడినట్లు నిండుగా వినిపిస్తుంది. ఆ మార్పు చేసే పరికరాన్ని దుకాణాల్లో ఎఫెక్ట్స్ యూనిట్ అంటారు. గిటారు వాయించేవారు కాలితో నొక్కే చిన్న రకాన్ని పెడల్ అంటారు. మనం తేలికగా ఎఫెక్ట్స్ పెట్టె అందాం.

మీ పాఠశాల పాటల బృందం డబ్బులు పోగుచేసి ఇలాంటి పెట్టె ఒకటి కొనాలనుకున్నదనుకోండి. వార్షికోత్సవంలో వేదిక మీద పనికిరావాలి. సెలవుల్లో ఇంట్లో పాట రికార్డు చేసుకోవడానికీ పనికిరావాలి. దుకాణానికి వెళ్తే ఒక పెట్టెలో పది ఎఫెక్టులు, ఇంకొక దానిలో వంద, మరొక దానిలో రెండు వందలు ఉన్నాయంటారు. ఎక్కువ ఉన్నదే మంచిదా? ధర ఎక్కువైనదే మంచిదా? ఈ ప్రశ్నలకు జవాబు ధరల పట్టికలో దొరకదు. మీ భౌతికశాస్త్రం పుస్తకంలో "ధ్వని" అనే పాఠంలో దొరుకుతుంది. ఎలాగో చూద్దాం.

ధ్వనికి కాలం పడుతుంది

గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. గోల్కొండ కోటలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరాన, కొండ మీది బాలాహిస్సారులో వినిపిస్తుందని మీరు వినే ఉంటారు. ఆ చప్పుడు పైకి చేరడానికి దగ్గరదగ్గర 3 సెకన్లు పడుతుంది. మన తరగతి గదిలో దూరాలు తక్కువ కనుక ఆ ఆలస్యాన్ని గుర్తించలేం. కాని ఆలస్యం లేకుండా ధ్వని ఎక్కడికీ చేరదు.

ఈ సంగతిని మరొక విధంగా చెప్పుకుందాం. ఒక మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు. ఆ కాలంలో ధ్వని 34 సెంటీమీటర్లు పోతుంది. 10 మిల్లీసెకన్లలో 3.4 మీటర్లు పోతుంది. ఈ రెండు అంకెలను గుర్తుంచుకోండి. పెట్టెను ఎంచుకునేటప్పుడు ఇవే మనకు కొలబద్ద.

ప్రతిధ్వని వేరు, ప్రతినాదం వేరు

ఎత్తైన గోడకు దూరంగా నిలబడి ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ధ్వని గోడను తాకి పరావర్తనం చెంది తిరిగి వస్తుంది. ఒక ధ్వని ముద్ర మన చెవిలో సుమారు 0.1 సెకను నిలుస్తుందని చదువుకున్నారు కదా! అందువలన తిరిగి వచ్చే ధ్వని అంతకంటె ఆలస్యంగా వస్తేనే విడిగా వినిపిస్తుంది. 0.1 సెకనులో ధ్వని 34 మీటర్లు పోతుంది. పోనూ రానూ కలిపి 34 మీటర్లు కావాలంటే గోడ కనీసం 17 మీటర్ల దూరాన ఉండాలి. ఇలా విడిగా వినిపించేది ప్రతిధ్వని. పెట్టె మీద దీనిని ఎకో అనో, డిలే అనో రాస్తారు.

గోడలు దగ్గరగా ఉన్న పెద్ద గదిలో ఏం జరుగుతుంది? ధ్వని ఒక గోడ నుండి మరొక గోడకు, అక్కడి నుండి కప్పుకు, నేలకు తాకుతూ వందలసార్లు తిరుగుతుంది. అవన్నీ ఒకదాని వెనుక ఒకటి దట్టంగా వస్తాయి కనుక చెవి వాటిని విడదీయలేదు. గంట కొట్టిన తరువాత మిగిలే మోతలా ధ్వని సాగుతూ, తగ్గుతూ పోతుంది. ఇది ప్రతినాదం. పెట్టె మీద దీని పేరు రివర్బ్.

వేదిక మీద "ఎకో పెట్టండి" అని అడిగేవారిలో చాలామందికి నిజానికి కావలసింది రివర్బే. కనుక కొనేవారు నేర్చుకోవలసిన మొదటి తేడా ఇదే.

పెట్టెలోని చాలా ఎఫెక్టులు కూడా ఆలస్యం నుండి పుట్టినవే. ఒక ధ్వనికి దాని నకలును 20 మిల్లీసెకన్ల వంటి కొద్దిపాటి ఆలస్యంతో కలిపి, ఆ ఆలస్యాన్ని నెమ్మదిగా పెంచుతూ తగ్గిస్తూ ఉంటే ఒక గొంతు పలు గొంతుల్లా వినిపిస్తుంది. దీనిని కోరస్ అంటారు. ఆలస్యం ఇంకా తక్కువైతే, అంటే కొన్ని మిల్లీసెకన్లే అయితే, జెట్ విమానం సాగిపోయినట్లు ఒక విచిత్రమైన ధ్వని వస్తుంది. అది ఫ్లాంజర్. రెండు వందల పేర్లు చూసి బెదరనక్కరలేదు. వాటిలో చాలావరకు ఈ నాలుగింటికి వేషాలు మార్చినవే.

పెట్టె రాకముందు

పెట్టె లేని రోజుల్లో ప్రతినాదాన్ని కావాలని ఎలా తయారుచేసేవారు? అమెరికాలోని చికాగో నగరంలో బిల్ పుట్నం అనే ఇంజనీరు 1947లో స్నానాల గదిని ఇందుకు వాడుకున్నాడు. ఆ గదిలో ఒక లౌడ్ స్పీకరు, ఒక మైకు పెట్టాడు. రికార్డు చేస్తున్న సంగీతాన్ని ఆ స్పీకరు ద్వారా వినిపించి, నున్నని గోడల మోతతో సహా మైకుతో తిరిగి పట్టుకుని అసలు ధ్వనికి కలిపాడు. స్నానం చేస్తూ పాడితే మన గొంతు మనకే ముచ్చటగా ఉండటానికి కారణం కూడా ఆ నున్నని గోడలే!

తరువాత టేపు రికార్డరు ఈ పనికి దిగింది. టేపు మీద రాసే తల ఒకచోట, చదివే తల కొంచెం అవతల ఉంటాయి. టేపు సెకనుకు 38 సెంటీమీటర్ల వేగంతో కదులుతూ, తలల మధ్య దూరం 5 సెంటీమీటర్లైతే ఆలస్యం 5ను 38తో భాగించగా వచ్చేది, అంటే సుమారు 0.13 సెకను. 1974లో జపానుకు చెందిన రోలాండ్ సంస్థ తెచ్చిన స్పేస్ ఎకో అనే పేరుపొందిన పెట్టె ఈ సూత్రం మీదనే పనిచేసింది.

ప్రతినాదానికి మరొక దారి దొరికింది. 1957లో జర్మనీకి చెందిన ఇ.ఎం.టి. సంస్థ ఒక పెద్ద పలుచని ఉక్కు రేకును చట్రంలో వేలాడదీసి, దానిని ధ్వనితో కంపింపజేసింది. ఆ పరికరం బరువు సుమారు 270 కిలోలు! దానిని బండి మీద తప్ప వేదిక దగ్గరకు తీసుకువెళ్లడం ఎలా? గిటారు ఆంప్లిఫయర్లలో మాత్రం రేకుకు బదులు చుట్టలు చుట్టిన స్ప్రింగులు వాడారు. 1976లో అదే జర్మన్ సంస్థ అంకెలతో పనిచేసే రివర్బును అమ్మకానికి తెచ్చింది. 1985లో యమహా సంస్థ ఎస్.పి.ఎక్స్. 90 అనే పెట్టెలో పలు ఎఫెక్టులను కలిపి, చిన్న స్టూడియోలు కూడా కొనగల ధరకు ఇచ్చింది. గది నుండి రేకుకు, రేకు నుండి అంకెలకు వచ్చిన ఈ ప్రయాణంలో పరికరం చిన్నదైంది. సూత్రం మాత్రం మారలేదు: ధ్వనిని కాసేపు ఆపి, తిరిగి కలపడం.

అంకెలైన పాట

ఇప్పటి పెట్టె ధ్వనిని ఎలా ఆపుతుంది? మైకు నుండి వచ్చే విద్యుత్తు హెచ్చుతగ్గులను సెకనుకు 48,000 సార్లు కొలిచి, ప్రతి కొలతను ఒక అంకెగా జ్ఞాపకంలో రాసుకుంటుంది. ఒక సెకను ఆలస్యం కావాలంటే 48,000 అంకెలు దాచి, తరువాత వరుసగా బయటికి వదిలితే చాలు.

అన్నిసార్లు కొలవడం ఎందుకు? మన చెవి సెకనుకు 20,000 కంపనాల వరకు వినగలదు. ఒక కంపనాన్ని గుర్తించాలంటే అందులో కనీసం రెండుసార్లకు మించి కొలవాలి. కనుక 40,000కు పైగా కొలతలు కావాలి. 44,100 గాని, 48,000 గాని ఉన్న పెట్టె మన పనికి సరిపోతుంది.

ఇక 16 బిట్లు, 24 బిట్లు అని రాసి ఉంటుంది. కొలబద్ద మీద ఎన్ని గీతలున్నాయో చెప్పేది ఇది. 16 బిట్లంటే 65,536 గీతలు. 24 బిట్లంటే 1,67,77,216 గీతలు. రికార్డింగులో గొంతును కొంచెం తక్కువ స్థాయిలో పట్టుకున్నా సన్నని ధ్వనులు చెడకుండా ఉండాలి కనుక ఇంటి పనికి 24 బిట్లు మేలు. వేదిక మీద జనం సందడిలో ఆ తేడాను పట్టుకోవడం కష్టం.

హాలు కూడా ఒక పెట్టే

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మీరు పాడబోయే హాలులో ఇదివరకే ఒక రివర్బ్ ఉంది! దానికి స్విచ్చి లేదు. అది ఎంత ఉన్నదో తెలియకుండా మరొక రివర్బును దాని మీద పోస్తే ఏమవుతుంది?

1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక కొత్త ఉపన్యాస మందిరంలో మాటలు అర్థం కాలేదు. కారణం కనిపెట్టమని వాలెస్ సాబిన్ అనే యువ అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన రాత్రి వేళ ఆర్గాను గొట్టం ఒకటి మోగించి ఆపి, ఆ మోత వినబడకుండా పోవడానికి పట్టే కాలాన్ని కొలిచాడు. ఖాళీ మందిరంలో అది సుమారు 5.5 సెకన్లు! దగ్గరలోని నాటకశాల నుండి కుర్చీల మెత్తలు తెచ్చి పరచి మళ్లీ మళ్లీ కొలిచాడు. చివరకు ఒక సులువైన సూత్రం దొరికింది. గది ఘనపరిమాణాన్ని 0.16తో గుణించి, ధ్వనిని పీల్చుకునే మొత్తం వైశాల్యంతో భాగిస్తే ప్రతినాద కాలం సెకన్లలో వస్తుంది. ధ్వని తీవ్రత 10 లక్షలలో ఒక వంతుకు పడిపోయే కాలాన్నే ప్రతినాద కాలం అంటారు.

తెరిచిన కిటికీ నుండి ధ్వని బయటికి పోయి తిరిగి రాదు. కనుక ఒక చదరపు మీటరు తెరిచిన కిటికీ ఒక చదరపు మీటరు పూర్తి శోషణతో సమానం. సిమెంటు గోడ అంతే వైశాల్యంలో సుమారు 0.03 వంతు మాత్రమే పీల్చుకుంటుంది. కూర్చున్న ఒక మనిషి బట్టలతో సహా సుమారు 0.4 చదరపు మీటరు పని చేస్తాడు.

20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల ఎత్తు గల హాలును తీసుకోండి. ఘనపరిమాణం 1000 ఘనపు మీటర్లు. గోడలు, నేల, కప్పు కలిపి 700 చదరపు మీటర్లు. అందులో 20 చదరపు మీటర్లు తెరిచిన కిటికీలు. మిగిలిన 680ని 0.03తో గుణిస్తే సుమారు 20. మొత్తం శోషణ 40. ఇక ప్రతినాద కాలం 160ని 40తో భాగిస్తే 4 సెకన్లు.

అదే హాలులో 300 మంది కూర్చున్నారనుకోండి. వారి శోషణ 120. మొత్తం 160. ప్రతినాద కాలం ఒక్క సెకనే! సాయంకాలం ఖాళీ హాలులో "ఎకో వద్దు" అనిపించిన గొంతుకు, రాత్రి జనం నిండాక కొంచెం కావాలనిపిస్తుంది. ఇందులో మైకుసెట్టు ఆయన తప్పు ఏమీ లేదు. జనమే ధ్వనిని పీల్చుకున్నారు.

దీని నుండి రెండు సంగతులు తెలుస్తున్నాయి. మొదటిది, వేదిక మీద రివర్బును పాట మధ్యలోనైనా చప్పున తగ్గించే గుండీ పెట్టె ముఖం మీదే ఉండాలి. తెరలో నాలుగు మెట్లు దిగి వెతుక్కునే పెట్టె ఎంత ఖరీదైనదైనా అక్కడ పనికిరాదు. రెండవది, పాటకూ పాటకూ మధ్య ఎవరైనా మాట్లాడతారు కనుక కాలితో నొక్కి ఎఫెక్టును పూర్తిగా ఆపే మీట తప్పనిసరి. ప్రధానోపాధ్యాయుల వారి ఉపన్యాసం ఎకోలో మునిగిపోకూడదు కదా!

ఇంకొక చిక్కు ఉన్నది. స్పీకరు ధ్వని మళ్లీ మైకులో దూరి, పెద్దదై, మళ్లీ స్పీకరు నుండి రావడం వల్ల "కూఁ" అనే కూత పుడుతుంది. ధ్వనిని సాగదీసే రివర్బ్ ఈ చక్రానికి బలం ఇస్తుంది. కూత వస్తుంటే మొదట రివర్బు తగ్గించండి. స్పీకర్లను మైకు కంటె ముందుకు జరపండి.

తాళమూ ఆలస్యమూ

డిలే వాడితే తిరిగి వచ్చే ధ్వని తాళం మీద పడాలి. లేకపోతే పక్కనే మరొకరు తప్పు తాళం వేస్తున్నట్లుంటుంది. నిమిషానికి 80 దెబ్బలు పడే పాటలో దెబ్బకూ దెబ్బకూ మధ్య 60,000ను 80తో భాగించగా 750 మిల్లీసెకన్లు. డిలేను 750కి గాని, అందులో సగమైన 375కి గాని పెట్టాలి. వేదిక మీద పాట వేగం కొంచెం మారుతూనే ఉంటుంది. అందుకే తాళానికి సరిగా కాలితో నాలుగుసార్లు తడితే ఆలస్యాన్ని తానే లెక్కించుకునే మీట కొన్ని పెట్టెలకు ఉంటుంది. డిలే వాడదలచుకుంటే ఆ సౌకర్యం ఉన్నదే తీసుకోండి.

ఇంట్లో సంగతి వేరు

4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల పడక గది ఘనపరిమాణం 36 ఘనపు మీటర్లే. మంచం, పరుపు, బట్టలు, తెరలు కలిసి 12 చదరపు మీటర్ల శోషణ ఇస్తే ప్రతినాద కాలం సుమారు అర సెకను. గొంతు పొడిగా వినిపిస్తుంది. పాడేవారికి ఉత్సాహం తగ్గుతుంది. వెంటనే రివర్బు వేసి రికార్డు చేయాలనిపిస్తుంది.

ఇక్కడే జాగ్రత్తపడాలి. కూరలో ఉప్పు తక్కువైతే వడ్డనలో కలుపుకోవచ్చు. ఎక్కువైతే తీయగలమా? రివర్బూ అంతే. పొడి గొంతుకు రేపు ఎంతైనా రివర్బు కలపవచ్చు. రివర్బుతో కలిసి రికార్డైన గొంతు నుండి దానిని శుభ్రంగా తీయడం చాలా కష్టం. కనుక రికార్డు అయ్యేది పొడి గొంతు కావాలి. పాడేవారి చెవిలోని హెడ్‌ఫోనుకు మాత్రం రివర్బు పంపాలి. పొడి ధ్వనిని, ఎఫెక్టు కలిసిన ధ్వనిని రెండు వేరు దారుల్లో బయటికి పంపగల పెట్టె ఇంటి పనికి ఎంతో ఉపయోగం.

ఇంట్లో కంప్యూటరు ఉంటే రికార్డైన తరువాత రివర్బు, డిలే అందులోని సాఫ్ట్‌వేరుతోనే కలపవచ్చు. ఉచితంగా దొరికేవి కూడా ఉన్నాయి. వేదిక మీద మాత్రం ఆ అవకాశం లేదు. జరిగిపోయిన పాటను వెనక్కి తిప్పలేం. అందుచేత రెండు పనులకూ కలిపి ఒకే పెట్టె కొనవలసి వస్తే వేదికకు సరిపోయేది ఎంచుకోండి. ఇంట్లో పొడిగా రికార్డు చేయండి.

అక్కరలేని ఆలస్యం

మనం కోరిన ఆలస్యం ఒకటి. కోరకుండా వచ్చేది మరొకటి. ధ్వనిని అంకెలుగా మార్చి, లెక్క కట్టి, తిరిగి ధ్వనిగా మార్చడానికి ఏ పెట్టెకైనా కొంత కాలం పడుతుంది. దీనిని లేటెన్సీ అంటారు. మంచి పెట్టెలో ఇది కొద్ది మిల్లీసెకన్లే ఉంటుంది. కంప్యూటరు గుండా పాడి వింటే ఎక్కువవుతుంది. కంప్యూటరు ఒక్కొక్క విడతకు 512 అంకెలు పోగుచేసుకుంటే 512ను 48,000తో భాగించగా 10.7 మిల్లీసెకన్లు. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి, కలిపి 21 మిల్లీసెకన్లు. మన కొలబద్దతో చూస్తే మీ గొంతు మీకు 7 మీటర్ల దూరం నుండి వినిపించినట్లు!

7 మీటర్ల దూరంలో తబలా ఉంటే మనం సర్దుకోగలం. కాని మన గొంతు మనకు తల ఎముకల ద్వారా అప్పటికప్పుడే వినిపిస్తూ ఉంటుంది. హెడ్‌ఫోనులో ఆలస్యంగా వచ్చే గొంతు దానితో కలిసినప్పుడు కొన్ని కంపనాలు బలపడి, కొన్ని రద్దవుతాయి. ఆలస్యం 5 మిల్లీసెకన్లైతే సెకనుకు 100, 300, 500 కంపనాల దగ్గర అవి ఎదురుబొదురై బలహీనపడతాయి. 200, 400 దగ్గర బలపడతాయి. గొంతు గొట్టంలో నుండి వచ్చినట్లు ఉండటానికి కారణం ఇదే. ఆలస్యం సుమారు 200 మిల్లీసెకన్లకు పెరిగితే మాటే తడబడుతుంది. పాడేవారి వైపు తిప్పిన స్పీకరులో డిలే వేయకూడదని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

కనుక పెట్టె వివరాల కాగితంలో లేటెన్సీ ఎంతో చూడండి. పోనూ రానూ కలిపి 10 మిల్లీసెకన్ల లోపు ఉండేలా చూసుకోండి. కంప్యూటరుకు పోకముందే మైకు ధ్వనిని నేరుగా హెడ్‌ఫోనుకు ఇచ్చే సౌకర్యం ఉంటే మరీ మంచిది.

ఏ రంధ్రంలో ఏ తీగ?

ఎంత మంచి పెట్టె అయినా మీ మైకు తీగ అందులో పట్టకపోతే ఏం లాభం? మూడు మొనలుండే ఎక్స్.ఎల్.ఆర్. అమరిక మైకు కోసం. ఆ తీగలో ఒకే సంకేతం రెండు తీగల మీద ఒకదానికొకటి వ్యతిరేకంగా పోతుంది. దారిలో ట్యూబులైటు, కరెంటు తీగల నుండి చేరే గుర్రుమనే రొద మాత్రం రెండింటి మీద ఒకేలా పడుతుంది. చివర ఒకదాని నుండి ఒకటి తీసివేస్తే రొద రద్దై సంకేతం మిగులుతుంది. వేదిక నుండి మిక్సరు దాకా 20, 30 మీటర్ల తీగ వేసినా గొంతు శుభ్రంగా ఉండటానికి కారణం ఈ తీసివేతే.

గిటారుకు ఒంటి మొన జాక్ ఉంటుంది. గిటారు పెడళ్లు మైకుకు తగినవి కావు. మైకు సంకేతం చాలా బలహీనం కనుక దానిని ముందుగా పెంచే భాగం పెట్టెలో ఉండాలి. గిటారు పికప్పుది మరొక సమస్య. దాని అవరోధం ఎక్కువ. 10,000 ఓముల అవరోధం గల పికప్పును 10,000 ఓముల పెట్టెకు కలిపితే వోల్టేజిలో సగం పికప్పులోనే పోతుంది. 10 లక్షల ఓముల పెట్టెకు కలిపితే 99 శాతం పెట్టెకు చేరుతుంది. ఓమ్ నియమంతో మీరే సరిచూడండి.

కండెన్సర్ మైకు వాడితే దానికి 48 వోల్టులు అందించే సౌకర్యం పెట్టెలోనో, మిక్సరులోనో ఉండాలి. పెడల్ అడాప్టరు విషయంలో వోల్టేజి సరిగా కలవాలి. మిల్లీఆంపియర్లు పెట్టె అడిగినంత గాని, అంతకంటె ఎక్కువ గాని ఉండవచ్చు. చాలా పెడళ్లకు 9 వోల్టులు, మధ్య మొన ఋణధ్రువం. పక్కింటి అన్నయ్య కీబోర్డు అడాప్టరు దూరింది కదా అని గుచ్చితే, ధ్రువాలు తారుమారై పెట్టె పాడుకావచ్చు.

మాటల పరీక్ష

దుకాణానికి వెళ్లే ముందు, వెళ్లాక కూడా చేయదగిన ఒక ప్రయోగం చెబుతాను. దీనికి ఒక స్నేహితుడు, ఒక కాగితం, మీ సొంత మైకు చాలు.

తెలుగులో అచ్చు పొడవు మారితే అర్థం మారుతుంది. పడి–పాడి, నడి–నాడి, విడి–వీడి చూడండి. ఒత్తు ఉంటే మరొక మాట: గడి–గడ్డి. "గడ్డి" అనేటప్పుడు మధ్యలో నాలుక ధ్వనిని క్షణకాలం పూర్తిగా ఆపుతుంది. ఆ చిన్న నిశ్శబ్దమే ఒత్తును చెవికి తెలుపుతుంది. రివర్బు ఎక్కువైతే ఆ నిశ్శబ్దం ముందు అక్షరం మోతతో నిండిపోతుంది. హ్రస్వం సాగి దీర్ఘంలా తోస్తుంది. పాటలో సాహిత్యం వినేవారికి అందకుండా పోయేది ఇలాగే.

ఇలాంటి మాటలు ఇరవై ఒక చీటీ మీద రాసుకోండి. స్నేహితుడిని హాలు చివర కూర్చోబెట్టండి. మీ పెదవులు అతడికి కనబడకూడదు. రివర్బు లేకుండా ఇరవై మాటలు చదవండి. విన్నది అతడు రాయాలి. తరువాత రివర్బు పావు వంతు, సగం, ముప్పావు పెట్టి, ప్రతిసారీ మాటల వరుస మార్చి చదవండి. ఎన్ని సరిగా రాశాడో లెక్కించి గ్రాఫు గీయండి. మార్కులు పడిపోవడం మొదలయ్యే చోటే ఆ హాలులో మీ హద్దు. ఎంత పేరున్న పెట్టె అయినా ఆ హద్దు దాటితే సాహిత్యాన్ని మింగేస్తుంది.

రివర్బు వేసినా మాట నిలవాలంటే పెట్టెలో మరొక గుండీ ఉపయోగపడుతుంది. దానిని ప్రీ-డిలే అంటారు. 30, 40 మిల్లీసెకన్లు పెడితే అక్షరం మొదలు శుభ్రంగా వినబడిన తరువాత మోత మొదలవుతుంది. ఈ గుండీ ఉన్నదో లేదో తప్పక అడగండి.

కొనేముందు

1. మీ మిక్సరులో ఎఫెక్టులు ఇదివరకే ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ డబ్బుతో మంచి మైకు, తీగలు కొనడం మేలు. మైకు పట్టుకోలేని దానిని ఏ పెట్టె కూడా సృష్టించలేదు.

2. ఎన్ని ఎఫెక్టులని కాక, రివర్బు, డిలే ఎంత బాగున్నాయని వినండి. ఒక్క చప్పట్టు కొట్టి తోక చివరిదాకా వినండి. నున్నగా కరిగిపోవాలి. గలగలమని రేకు డబ్బా మోత రాకూడదు.

3. ఎవరూ పాడకుండా పెట్టెను ఆన్ చేసి "స్స్" అనే రొద ఎంత ఉందో వినండి. రికార్డింగులో ఈ రొద బయటపడుతుంది.

4. కాలి మీట, పైకి కనబడే గుండీలు, చీకట్లో చదవగల అక్షరాలు వేదికకు ముఖ్యం. 24 బిట్లు, తక్కువ లేటెన్సీ, పొడి ధ్వనికి వేరు దారి ఇంటికి ముఖ్యం.

5. మిక్సరు నుండి కొంత ధ్వనిని పెట్టెకు పంపి తిరిగి కలుపుకునే పద్ధతిలో పెట్టెను పూర్తి ఎఫెక్టు మీద ఉంచాలి. పొడి ధ్వని మిక్సరులో ఎలాగూ ఉంటుంది. మైకుకూ మిక్సరుకూ మధ్య పెట్టెను కలిపితే మాత్రం పొడి ధ్వని ఎక్కువగా, ఎఫెక్టు తక్కువగా ఉండాలి. రెండు విధాలా పనిచేస్తుందో లేదో అడగండి.

6. వీలైతే ఒక్కరోజు అద్దెకు తెచ్చి మీ హాలులోనే వినండి. దుకాణం గది మీ హాలు కాదు.

అభ్యాసం

1. 51 మీటర్ల దూరాన గోడ ఉంది. చప్పట్ల ప్రతిధ్వని ఎంతసేపటికి వస్తుంది?

2. నిమిషానికి 100 దెబ్బల పాటకు డిలేను ఎన్ని మిల్లీసెకన్లకు పెడతారు?

3. పైన చెప్పిన హాలులో 300 మందికి బదులు 150 మందే వస్తే ప్రతినాద కాలం ఎంత? అప్పుడు రివర్బును పెంచుతారా, తగ్గిస్తారా?

జవాబులు: 1. 0.3 సెకను. 2. 600, లేదా అందులో సగం 300. 3. శోషణ 100 కనుక 1.6 సెకన్లు. హాలే ఎక్కువ ప్రతినాదం ఇస్తున్నది కనుక పెట్టెలోది తగ్గించాలి.